పుట్టిన బిడ్డ మెడలో ఎడమవైపు సిస్ట్ ఉందా? ముందు గాలి కోసం వెతకండి

ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) నుంచి "మెడలో వాపు, సిస్టిక్ హైగ్రోమా (లింఫ్ ద్రవం నిండిన గడ్డ) కావచ్చు" అని స్కాన్ రిక్వెస్ట్ వస్తే, దాన్నే రిపోర్టులో దించేయకుండా ముందు ఏ వైపో చూడండి. ఎడమవైపు, థైరాయిడ్‌ని ఆనుకుని ఉండి, బిడ్డ ఊపిరి పీల్చేటప్పుడు కీచుమని శబ్దం కూడా వస్తుంటే పైరిఫార్మ్ సైనస్ (గొంతు కింది భాగంలో పక్కగా ఉండే గుంట) సిస్ట్‌ని అనుమానించాల్సిందే. పిండం గొంతులో ఏర్పడే సంచుల్లో మూడోది లేదా నాలుగోది (బ్రాంకియల్ పౌచ్) పూర్తిగా మూసుకోక మిగిలిపోయేది ఇది. అరుదే, కానీ వచ్చిందంటే చాలావరకు ఎడమవైపే.

మొదలుపెట్టేది అల్ట్రాసౌండ్‌తోనే. జెల్ వెచ్చగా ఉండాలి, భుజాల కింద టవల్ మడతపెట్టి, హై ఫ్రీక్వెన్సీ లీనియర్ ప్రోబ్‌ని నొక్కకుండా ఆనించండి. ఊపిరికి ఇబ్బంది పడుతున్న బిడ్డ అయితే మెడ వెనక్కి వంచొద్దు, ఆక్సిజన్ సాచురేషన్ చూస్తూ నర్సు పక్కనే ఉండాలి. ఎడమ థైరాయిడ్ పైకొన దగ్గర ఆగి నిదానంగా చూడండి. సిస్ట్ లోపల తళతళమనే చుక్కలు, వాటి కింద మసక నీడ కనిపిస్తే అది గాలి, అంటే గొంతుతో దారి ఉందన్నమాట. ఎవరూ సూది గుచ్చని హైగ్రోమాలో గాలి ఉండదు, అందుకే స్కాన్ చేసేముందు ఎవరైనా ఆస్పిరేట్ చేశారా (సూదితో ద్రవం లాగారా) అని అడగడం మరవొద్దు. గాలి లేనంత మాత్రాన ఇది కాదని కొట్టేయకండి, ఏడ్చాకో పాలు తాగాకో మళ్లీ చూడొచ్చు.

తర్వాత ఎమ్మారై. బిడ్డ నిలకడగా ఉంటే పాలు పట్టి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చి చేసేయొచ్చు, చాలాసార్లు మత్తు అక్కర్లేదు. ఫ్యాట్ సప్రెషన్‌తో టీ2 (కొవ్వుని అణిచి ద్రవాన్ని మెరిపించే చిత్రాలు), యాక్సియల్ (అడ్డకోత), కరోనల్ (ముందు నుంచి కనిపించే నిలువుకోత) రెండూ తీయండి. శ్వాసనాళం ఎంత పక్కకి జరిగింది, సిస్ట్ గొంతు వెనక్కి పాకిందా, ఛాతీలోకి దిగిందా, కెరోటిడ్ (మెడలోని పెద్ద ధమని) ఎక్కడుంది, ఇవే సర్జన్‌కి కావాలి. గాలి పట్టుకోవడంలో సీటీదే పైచేయి, కానీ రేడియేషన్ ఉంది కాబట్టి ఎమ్మారైకి టైమ్ లేనప్పుడే, తక్కువ డోసులో ఒకే ఫేజ్ (ఒక్కసారే స్కాన్).

కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనపడే ద్రవం) మింగించే పరీక్షకి తొందరపడొద్దు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు వాపుతో దారి మూసుకుపోతుంది, తగ్గాక 6 నుంచి 8 వారాలు ఆగడం మేలు. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టి గాస్ట్రోగ్రాఫిన్ (అయానిక్ రకం కాంట్రాస్ట్) వద్దు, నాన్ అయానిక్ కాంట్రాస్ట్ వాడండి. అందులో ఏమీ కనపడకపోయినా ట్రాక్ట్ (సిస్ట్ నుంచి గొంతుకి ఉండే దారి) లేదని రాయకండి, మత్తులో స్కోప్‌తో రంధ్రం చూసి తేల్చాల్సింది ఈఎన్‌టీ వాళ్లు.