మబ్బు పట్టిందా? చెన్నై రాడార్ బొమ్మ ఇలా చూడండి

చెన్నైలో మబ్బు పట్టగానే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మొదలయ్యే ప్రశ్న ఒక్కటే, "మీ వైపు పడుతోందా?" అని. వాతావరణ శాఖ సైట్‌లో చెన్నై రాడార్ బొమ్మ ఊరికే దొరుకుతుంది, అది చూడటం వస్తే వచ్చే గంట సంగతి మీరే చెప్పొచ్చు.

హార్బర్ దగ్గర ఎత్తైన భవనం మీద ఉన్న డాప్లర్ రాడార్ 2002 నుంచీ ఉంది. సుమారు 10 సెంటీమీటర్ల రేడియో తరంగాలను పల్సులుగా వదులుతుంది, చినుకులకు తగిలి అందులో రవ్వంత వెనక్కి వస్తుంది. తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి పల్సు ఒక మిల్లీసెకనులో తిరిగొస్తే వాన 150 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు (రానూపోనూ కదా, అందుకే సగం). దిక్కు అంటారా, ఆ క్షణాన యాంటెనా ఎటు చూస్తోందో అటే.

బొమ్మ తెరవగానే రంగులు కాదు, ముందు టైమ్ చూడండి. అది యూటీసీలో (ప్రపంచమంతటికీ వాడే ప్రామాణిక సమయంలో) ఉంటుంది, అయిదున్నర గంటలు కలపాలి, అంటే 12:00 అని ఉంటే మనకు సాయంత్రం 5:30. ఇది తెలియక ఇప్పటి వానను ఎప్పటిదో పాతది అనుకుని తేలిగ్గా తీసుకునేవాళ్లు బోలెడుమంది.

తర్వాత పక్కనున్న డీబీజెడ్ స్కేలు, అంటే తిరిగొచ్చిన తరంగం ఎంత బలంగా ఉందో ఏ రంగుకు ఎంతో చెప్పే కొలత. 20 దగ్గర తుంపర, 40 దాటితే గట్టి వాన, 50 దాటితే బండి తీయకండి. పది పెరిగిన ప్రతిసారీ తిరిగొచ్చే శక్తి పది రెట్లవుతుంది, కాబట్టి 30కీ 50కీ తేడా వంద రెట్లు.

అసలు కిటుకు కదలికలో ఉంది. పది నిమిషాల తేడాతో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టండి. ఎర్ర మచ్చ (అంటే గట్టి వాన) 5 కిలోమీటర్లు జరిగిందంటే వేగం గంటకు 30, అది మీ ఇంటికి 15 కిలోమీటర్ల దూరంలో ఉంటే అరగంటలో వచ్చేస్తుంది, దారిలో చచ్చిపోకపోతే. ఎండాకాలం సాయంత్రాలు తిరువళ్లూరు, కాంచీపురం వైపు చూడండి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా సముద్రం వైపు. ఎన్ని బొమ్మలు మార్చినా కదలని మచ్చ ఉంటే మాత్రం అది వాన కాదు, ఏ కొండో కట్టడమో.

రాడార్ కిరణం దూరం పోయేకొద్దీ నేలను వదిలి పైకి లేస్తుంది. అర డిగ్రీ వాలులో 100 కిలోమీటర్ల దగ్గర అది దాదాపు కిలోమీటరున్నర ఎత్తులో ఉంటుంది, కింద పడే తుంపర దానికి కనిపించకపోవచ్చు. చెన్నై రాడార్ ఆగిపోయిన రోజున శ్రీహరికోట రాడార్ బొమ్మ తెరవండి, నగరం అందులోకీ వస్తుంది.