స్ట్రెయిట్ యాంకిల్ లాక్: చీలమండ పట్టు నేర్చుకోవడం ఎలా?

తాలీంలో కుస్తీ పట్టినవారికి ప్రత్యర్థిని వెల్లకిలా పడేస్తే గెలుపు. బ్రెజిలియన్ జియు-జిట్సులో వెల్లకిలా పడ్డాకే అసలు ఆట మొదలవుతుంది. ప్రత్యర్థి ఓటమి ఒప్పుకునే పట్టు దొరికేదాకా అది సాగుతుంది. మెడ పట్టులు, మోచేతి పట్టులు కొత్తవారికి తొందరగానే నేర్పుతారు కానీ, కాళ్ల దగ్గరకు వచ్చేసరికి చాలామంది జంకుతారు. ఈ జంకు పాతదే. జూడో పోటీల్లో కీళ్ల పట్టు మోచేతికే పరిమితం. రష్యా కుస్తీ అయిన సాంబోలోనూ, పాశ్చాత్య క్యాచ్ కుస్తీలోనూ కాలి పట్టులకు ఎప్పటినుంచో చోటుంది. 1908లో షికాగోలో జార్జ్ హాకెన్‌ష్మిట్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిన అమెరికా మల్లయోధుడు ఫ్రాంక్ గాచ్‌కు పేరు తెచ్చింది టో హోల్డ్, అంటే కాలివేళ్ల దగ్గర పట్టి పాదాన్ని మెలితిప్పే పట్టు.

కాలి పట్టుల్లో మొదట నేర్చుకోవలసింది స్ట్రెయిట్ యాంకిల్ లాక్. ఇందులో మెలిక ఉండదు. పాదాన్ని ముందుకు సాగదీస్తూ, మడమ వెనుక స్నాయువును ఎముక అంచుతో నొక్కుతాం. నొప్పి సాధారణంగా గాయం కంటే ముందే తెలుస్తుంది కాబట్టి ఒప్పుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. నేర్పేవారు పక్కనుండగా, మ్యాట్ మీదే సాధన చేయండి.

ముందుగా జోడీతో ఒక మాట అనుకోండి. అరచేత్తో రెండు మూడుసార్లు తట్టినా, నోటితో "ట్యాప్" అన్నా ఆ క్షణమే వదిలేయాలి. ఎదుటివారు నమ్మి తమ పాదాన్ని మీ చేతికిస్తున్నారు. ఈ నియమం కచ్చితంగా పాటించని చోట కాలి పట్టులు నేర్చుకోకండి.

కాలిని బంధించడం

జోడీ కుడి పాదంతో మొదలుపెడదాం. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోండి. అతని కుడి కాలు మీ రెండు కాళ్ల మధ్యకు రావాలి. మీ ఎడమ పాదాన్ని అతని కుడి తుంటి మీద, వేళ్లు బయటి వైపు తిరిగేలా ఆనించండి. మీ కుడి కాలు అతని తొడ కిందుగా వెళ్లి, పాదం పిరుదు దగ్గర ఆగాలి. ఇప్పుడు రెండు మోకాళ్లూ దగ్గరకు తెచ్చి, అతని మోకాలికి పైన తొడను బిగించండి.

ఇక్కడ ఆగండి. నా దృష్టిలో పట్టులో ముప్పాతిక వంతు ఇదే. చేతులు రెండూ గాలిలోకి ఎత్తి, కాలు లాక్కొమ్మని జోడీతో చెప్పండి. అతని మోకాలు మీ మోకాళ్ల మధ్య నుంచి జారి అతని వైపు వెళ్లిపోయిందంటే, ఆ తర్వాత చేతులతో ఎంత బలంగా పట్టినా లాభం లేదు. కాలు రాకపోతే ముందుకు సాగవచ్చు. మొదటి రెండు వారాలూ రోజుకు పది నిమిషాలు ఈ ఒక్క పనే చేసినా సమయం వృథా కాదు. చేతులు తగిలించాలన్న తొందరలో చాలామంది దీన్ని దాటేస్తారు, ఏడాది తర్వాత కూడా "నా పట్టు ఎవరికీ పడటం లేదు" అని బాధపడతారు.

ముంజేయి ఎక్కడ ఉండాలి?

మీ మడమ వెనుక, కాస్త పైన, రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. బిగించిన తాడులా తగులుతుంది. అదే అకిలిస్ స్నాయువు. వేళ్లు పైకి జరిపితే అది వెడల్పై, మెత్తబడి పిక్క కండలో కలిసిపోతుంది. మీ ముంజేయి ఆ తాడు దగ్గరే ఉండాలి. పిక్క మీదికి జారితే కండ కమిలిపోవడమే తప్ప పట్టు పడదు.

అతని పాదాన్ని మీ ఎడమ చంకలోకి తీసుకుని, చేతిని చీలమండ చుట్టూ తిప్పి కిందినుంచి పైకి తెండి. అరచేయి మీ ఛాతీ వైపు, బొటనవేలు పైకి ఉండాలి. అప్పుడు మణికట్టుకు బొటనవేలి వైపున్న ఎముక అంచు సరిగ్గా స్నాయువుకు తగులుతుంది. ఎడమ చేతిని పిడికిలి బిగించి, కుడి అరచేతితో పట్టుకోండి. మోచేతులు పక్కటెముకలకు అతుక్కోవాలి. చంకకూ పాదానికీ మధ్య ఖాళీ మిగలకూడదు.

నొక్కు

ఇక చేతులతో లాగకండి. ఎడమ భుజం మ్యాట్‌కు తగిలేలా ఎడమ పక్కకు ఒరగండి. తుంటిపై ఉన్న పాదంతో అతన్ని దూరంగా నెడుతూ, మీ నడుమును ముందుకు, ఛాతీని వెనక్కి విల్లులా వంచండి. చేతులు బిగుసుకుని ఉంటే చాలు, పని వీపూ నడుమూ చేస్తాయి. మనసులో మూడు లెక్కపెట్టేంత నిదానంగా పెంచండి. పోటీలో తప్ప కుదుపు ఇవ్వవలసిన అవసరం ఎప్పుడూ రాదు.

కుడి పక్కకు, అంటే అతని విడి కాలి వైపు, తిరగకండి. అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య నియమాల్లో తెల్ల బెల్టువారికి, అంటే కొత్తగా నేర్చుకునేవారికి, ఈ పట్టు అనుమతే కానీ, ఆ దిశలో తిరగడం తప్పు. తుంటి మీది ఎడమ పాదం అతని శరీరం మధ్య గీతను దాటి అవతలికి పోవడమూ ప్రమాదమే. అప్పుడు బరువంతా అతని మోకాలి మీద అడ్డంగా పడుతుంది.

తప్పించుకోవడం కూడా అదే రోజు నేర్చుకోండి

మీ పాదం చిక్కిందనుకోండి. వేళ్లను మోకాలి వైపు గట్టిగా లాక్కుని, బూటు తొడుక్కుంటున్నట్టుగా పాదాన్ని చంకలోకి ఇంకా లోపలికి తోయండి. స్నాయువు మీద నుంచి ఎముక అంచు తప్పుతుంది. తర్వాత తుంటి మీది పాదాన్ని చేత్తో తీసేసి, పైకి లేచి అతని మీదికి రండి. వెనక్కి గుంజుకుంటే మాత్రం పట్టు ఇంకా బిగుస్తుంది. నొప్పి మొదలయ్యాక కూడా ఓర్చుకుందామని నేను ఒకసారి రెండు క్షణాలు ఆలస్యం చేశాను. పాదం పైభాగం వాచిపోయి, మూడు వారాలు మెట్లు ఒక్కొక్కటిగా దిగాను.

హీల్ హుక్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అందులో మడమను పిడిలా వాడి ముంగాలిని మెలితిప్పుతారు. తెగేది మోకాలి లిగమెంట్లు, అంటే ఎముకలను కలిపి ఉంచే కట్లు. నొప్పి తెలిసేసరికే గాయం అయిపోయి ఉండవచ్చు, తెలియక తప్పు దిశలో తిరిగితే మీ మోకాలిని మీరే తెంపుకున్నవారవుతారు. అందుకే ఆ సమాఖ్య 2021 నుంచి దాన్ని అనుమతించినా, గీ (మందపాటి కోటు లాంటి దుస్తులు) వేసుకోని పోటీల్లో, వయోజన బ్రౌన్, బ్లాక్ బెల్టులకే పరిమితం చేసింది. 16 ఏళ్ల లోపు పిల్లలకైతే స్ట్రెయిట్ యాంకిల్ లాక్ కూడా నిషిద్ధం.

సాధన తర్వాత చీలమండ వాచి, ఆ కాలి మీద బరువు వేసి నాలుగు అడుగులు నడవలేకపోతే ఇంట్లో మర్దన చేయించుకోకండి. ఎక్స్‌రే తీయించుకోవాలి.

కుడి పాదం మీద కుదిరిన పట్టు ఎడమ పాదం మీద మొదటి రోజు కుదరదు. ఒరిగే పక్క, తుంటి మీద పెట్టే పాదం, చుట్టే చెయ్యి అన్నీ మారతాయి. మళ్లీ చేతులు ఎత్తి, కాలు లాక్కొమ్మనడం నుంచే మొదలుపెట్టండి.