మన ఇంటి పొలం పోయిన కథను రాసుకోవడం ఎలా?

"మా ముత్తాత శిస్తు కట్టనన్నాడు, తెల్లవాళ్లు పొలం లాక్కున్నారు." గుంటూరు వైపు చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. కొన్నిసార్లు దాని వెనక నిజంగానే సర్కారు జప్తు ఉంటుంది. కొన్నిసార్లు శిస్తు కోసం చేసిన అప్పు, తీరని తనఖా ఉంటాయి. ఏది ఏదో తేల్చుకోవడానికి ఇదీ పద్ధతి.

1. పొలం దగ్గర మొదలుపెట్టండి

"స్వాతంత్ర్య పోరాటం గురించి చెప్పు తాతయ్యా" అంటే ఆయన స్కూల్లో చదివిన పాఠమే చెబుతాడు. "మన చేను పేరేంటి? తూర్పు హద్దు ఎవరిది? గొడ్లని ఎక్కడ మేపేవాళ్లు?" అని అడగండి. పాత దస్తావేజుల్లో పొలాన్ని గుర్తుపట్టేది హద్దులతోనే కాబట్టి ఈ జవాబులు తర్వాత అక్కరకొస్తాయి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టేయండి.

మామ్మని విడిగా కూర్చోబెట్టండి. మగవాళ్లు కోర్టు సంగతులు చెబుతారు, ఏ నగ అమ్మి ఏ కిస్తీ కట్టారో ఆవిడే చెబుతుంది. ఆ పొలంలో పాలేరుగా, కూలీగా చేసినవాళ్ల ఇంటికీ వెళ్లండి. ఆ కబుర్లు మన ఇంట్లో ఎవరూ చెప్పరు.

2. ఏ ఏడో తేల్చండి

పెద్దవాళ్లు తెలుగు సంవత్సరం పేరు చెప్పి "దుర్మతిలో" అంటే ఇక్కడ 1921-22. కాగితం మీద ఫసలీ (జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం) ఉంటే దానికి 590 కలపండి: ఫసలీ 1331 అంటే 1921 జులై నుంచి 1922 జూన్ దాకా.

3. చరిత్రతో పోల్చి చూడండి

పల్నాడు వాళ్లైతే అడవిలో గొడ్లు మేపుకోవడానికి కట్టాల్సిన పుల్లరి గొడవ కావచ్చు. మించాలపాడులో కన్నెగంటి హనుమంతును 1922లో కాల్చి చంపింది దానిమీదే. పెదనందిపాడు ఫిర్కా (కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం) వైపైతే పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన శిస్తు నిరాకరణ. చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్ తగలబెట్టిన తర్వాత అది 1922 ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. అందుకని "అప్పుడే పోయింది" అన్న పొలం, 1930 తర్వాత పంటల ధరలు పడిపోయినప్పుడు అప్పుల కింద పోయి ఉండొచ్చు.

4. కాగితాలు

మొదట ఇంట్లో ట్రంకుపెట్టె. తర్వాత రెవెన్యూ ఆఫీసులో ఆర్‌.ఎస్‌.ఆర్‌. (పాత సర్వే, శిస్తు రిజిస్టరు) నకలు అడగండి. మన జిల్లాల్లో దాన్ని డైగ్లాట్ అనే అంటారు. పాత సర్వే నంబరు, పట్టాదారు పేరు, శిస్తు అందులో ఉంటాయి. కంప్యూటర్ ఈసీ (పొలం మీద జరిగిన అమ్మకాలు, తనఖాల జాబితా) 1983 నుంచే వస్తుంది, అంతకుముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఓపిక కావాలి.

కాగితం ఒకటి, తాతయ్య మాట ఇంకొకటి అయితే రెండూ రాయండి. కాగితంలో "స్వచ్ఛందంగా అమ్మాను" అని ఉన్నంత మాత్రాన ఇష్టపడి అమ్మినట్టు కాదు.

5. అందరికీ పంపే ముందు

వేలంలో పాడుకున్నది చాలాసార్లు ఊళ్లోవాళ్లే, ఒక్కోసారి వియ్యాలవారే. వాళ్ల మనవలు ఇవాళ పక్కింట్లో ఉంటారు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు వాళ్లకి చూపించి, వాళ్ల వైపు కథా రాసుకోండి. వద్దంటే ఆ పేరు తీసేయండి.