రొమ్ము తొలగించిన చోట స్పర్శను మళ్ళీ అలవాటు చేయడం, నొప్పిని తగ్గించుకోవడం

రొమ్ము తొలగించే శస్త్రచికిత్స చేయించుకొని ఇంటికి వచ్చిన ఆడవారు చాలామంది, ముట్టుకుంటే ఏమీ తెలియని చోటే రాత్రిపూట మంట పుడుతోందని చెబుతారు. మొద్దుబారిన చోట నొప్పేమిటని ఇంట్లోవారు కొట్టిపారేస్తారు. నిజానికి రెండింటికీ కారణం ఒకటే. ఛాతీ చర్మానికి స్పర్శనిచ్చే నరాల కొమ్మలు పక్కటెముకల మధ్య నుంచి రొమ్ములోకి వస్తాయి. రొమ్మును తీసేటప్పుడు వాటిలో చాలావరకు తెగక తప్పదు. చంకలోని గ్రంథులను కూడా తీసినప్పుడు, అక్కడి నుంచి పై చేతి లోపలివైపుకు వెళ్ళే నరం తెగడమో సాగిపోవడమో జరగవచ్చు. తెగిన నరం చర్మం నుంచి కబురు మోసుకురాలేదు కాబట్టి తిమ్మిరి. తెగిన కొన తనంతట తానే సంకేతాలు పంపుతూ ఉంటుంది కాబట్టి మంట, చురుకులు. తీసేసిన రొమ్ము ఇంకా ఉన్నట్టు, అక్కడ దురద పెడుతున్నట్టు అనిపించడం కూడా ఇందులో భాగమే. అది మతి చలించడం కాదు.

నరం తిరిగి పెరిగితే సుమారుగా రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అందువల్ల మార్పును వారాల్లో కాక నెలల్లో చూడాలి. కొంత భాగం శాశ్వతంగా మొద్దుగానే మిగలవచ్చు. అయితే మిగిలిన కొద్ది స్పర్శను సరిగ్గా చదువుకునేలా మెదడుకు తర్ఫీదు ఇవ్వవచ్చు. ఆ పని రోజూ ఇంట్లోనే జరగాలి.

అంతకంటే ముందు ఒక జాగ్రత్త. స్పర్శ లేని చర్మానికి వేడి తెలియదు. మా పిన్ని నొప్పికి ఉపశమనంగా ఉంటుందని ఛాతీ మీద వేడినీళ్ళ సంచి పెట్టుకొని నిద్రపోయి, తెల్లవారాక బొబ్బను చూసుకున్నది. మానడానికి నెల పట్టింది. అందుకే ఆ చోట కాపడం పెట్టకూడదు, మంచుగడ్డను నేరుగా ఆనించకూడదు, స్నానపు నీటి వేడిని రెండో వైపు చేతితో చూసుకోవాలి. మన విజయవాడ, గుంటూరు ఎండల్లో చెమటకు లోదుస్తుల అంచు ఒరుసుకొని పుండు పడినా తెలియదు కాబట్టి, వేసవిలో రోజూ రాత్రి అద్దంలో ఆ చోటును చూసుకోవాలి.

గాయం పూర్తిగా మానిందని సర్జన్ చెప్పిన తరువాత స్పర్శ సాధన మొదలుపెట్టాలి. ముందుగా బాగా ఉతికి మెత్తబడిన నూలు చీర ముక్కను తీసుకొని, స్పర్శ బాగా తెలిసే చోట, అంటే మెడ కింద నుంచి మొదలుపెట్టి, మొద్దుగా ఉన్న చోటివైపు మెల్లగా రాస్తూ రావాలి. బట్ట తగిలితేనే ఓర్వలేనంత చురుకు పుట్టేవారికి ఇది మరీ అవసరం. ఒక్కో విడత ఐదు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. మెత్తని నూలు అలవాటయ్యాక పట్టు, ఆ తరువాత కొత్త మంగళగిరి నూలు, చివరకు టర్కీ తువ్వాలు అనే వరుసలో ముందుకు వెళ్ళాలి. అసౌకర్యం కొద్దిగా ఉండవచ్చు. సాధన ఆపిన తరువాత కూడా నొప్పి చాలాసేపు నిలిచి ఉంటే వెనకటి బట్టకే తిరిగి వెళ్ళాలి. తొందరపడి గరుకు బట్టతో రుద్దుకున్నవారు భయపడి మొత్తం సాధననే మానేస్తారు.

ఇందులో రెండో అంచె కళ్ళకు సంబంధించినది. అద్దం ముందు కూర్చొని, వేలు ఎక్కడ ఆనుతున్నదో చూస్తూ ముట్టుకోవాలి. తరువాత కళ్ళు మూసుకొని అదే చోట ముట్టుకొని, ఆ తాకిడిని గుర్తించడానికి ప్రయత్నించాలి. మళ్ళీ కళ్ళు తెరిచి సరిచూసుకోవాలి. ఆ చోటును చూసుకోవడమే మొదట కష్టంగా ఉంటుంది. పలుచని రవిక మీద నుంచి మొదలుపెట్టినా తప్పులేదు.

మచ్చ కింది పొరలకు అతుక్కుపోతే ప్రతి కదలికకూ లాగుతుంది. గాయం మానాక, రేడియేషన్ పొందిన చర్మం కుదుటపడ్డాక, రెండు చుక్కల కొబ్బరినూనెతో వేళ్ళను మచ్చ మీద చిన్న వలయాలుగా తిప్పాలి. చేతి వ్యాయామాలు మాత్రం అంతవరకూ ఆగకూడదు. గాయంలో ఊరే నీరు బయటికి పోవడానికి పెట్టిన డ్రెయిన్ గొట్టం తీసేవరకు భుజం ఎత్తు దాటకుండా, తరువాత గోడ మీద వేళ్ళతో పాకిస్తూ పైకి, ఫిజియోథెరపిస్టు చెప్పిన మేరకు చేయాలి. చేయి ఎత్తినప్పుడు చంకలో తాడులా బిగుసుకుంటే వారికి చూపించాలి.

నొప్పి మూడు నెలలు దాటినా ఉంటే దాన్ని భరించవలసినదిగా కాక, చికిత్స ఉన్న నరాల నొప్పిగా చూడాలి. మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, నార్ట్రిప్టిలిన్ వంటివి వైద్యులు తక్కువ మోతాదులో మొదలుపెట్టి పెంచుతారు. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ మాత్ర వాడుతున్నవారు ఆ సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే ఇదే నొప్పికి ఇచ్చే డులోక్సెటిన్, దిగులుకు ఇచ్చే పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ వంటివి టామోక్సిఫెన్ శరీరంలో పనిచేసే రూపంలోకి మారడాన్ని అడ్డుకుంటాయి. గుంటూరు మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్‌తోనే నరాల నొప్పికి పూత మందు తయారవుతుంది. అంతమాత్రాన వంటింటి కారాన్ని నూనెలో కలిపి రాసుకోకూడదు, చర్మం కాలుతుంది. ఒకే చోట వేలితో నొక్కగానే షాక్ కొట్టినట్టుంటే అక్కడ నరపు కొన గడ్డకట్టి ఉండవచ్చు. దానికి సూదిమందు, అవసరమైతే శస్త్రచికిత్స ఉన్నాయి.

గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్)‌లోని నాట్కో క్యాన్సర్ కేంద్రానికి గాని, మంగళగిరి ఎయిమ్స్‌కు గాని వెళ్ళేటప్పుడు, "నొప్పిగా ఉంది" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, మంటా, పోటా, చీమలు పాకినట్టా, ఏ వేళలో, నిద్ర చెడుతోందా అన్నవి కాగితం మీద రాసుకొని వెళ్ళాలి. ఒంటి బొమ్మ గీసి తిమ్మిరి ఉన్న చోటును ఒక రంగుతో, నొప్పి ఉన్న చోటును మరో రంగుతో దిద్ది నెలకొకసారి తేదీ వేసుకుంటే, మార్పు వైద్యునికీ మీకూ కనిపిస్తుంది. కొత్త గడ్డ, జ్వరంతో కూడిన ఎరుపు, చేతి వాపు కనిపిస్తే మాత్రం వాయిదా తేదీ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్ళాలి.