డిస్క్ లీకవుతోందా? ముందు టైం చూడండి

ఆగస్టు 15న మా స్కూల్లో టీచర్లందరం తెల్ల చీరలు కట్టుకుంటాం. రెండేళ్ల కిందట ఆ రోజు నాకు పీరియడ్స్ రెండో రోజు. తెల్లవారుజామున ఐదున్నరకి మెన్‌స్ట్రువల్ డిస్క్ (పీరియడ్స్ రక్తం పట్టడానికి యోని లోపల పెట్టుకునే, పల్చటి గిన్నెలాంటిది) పెట్టుకుని, అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని బయల్దేరాను. జెండా ఎగరేసే ముందు ఒకసారి టాయిలెట్‌కి వెళ్లొచ్చాను. పిల్లలు జనగణమన పాడుతుంటే తొడ మీదుగా వెచ్చగా కారడం తెలిసింది. పాట 52 సెకన్లే. కదలకుండా నిలబడాలి కదా, ఆ 52 సెకన్లు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఇది నా ఒంటికి పడదని డిస్క్‌ని డబ్బాలో పెట్టేశాను. రాత్రి మా చెల్లి ఫోన్ చేసింది. అది డల్లాస్‌లో ఉంటుంది, ఈ డిస్క్ పంపింది కూడా అదే. అంతా విని ఒక్కటే అడిగింది. "అక్కా, కారింది ఎప్పుడు? పెట్టుకున్న కాసేపటికా, టాయిలెట్‌కి వెళ్లొచ్చాకా?"

అప్పటి నుంచి ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకున్నాను. డిస్క్ పెట్టుకున్న టైం, కారిన టైం, ఆ సమయంలో ఏం చేస్తున్నానో రాసేదాన్ని. మూడు నెలలకే నా లీకులు ఎందుకవుతున్నాయో తెలిసిపోయింది. మీరూ డిస్క్ మానేసే ముందు ఈ పని చేయండి. ఎప్పుడు కారిందో తెలిస్తే ఎందుకు కారిందో దాదాపు తెలిసినట్టే.

ముందుగా డిస్క్ ఎక్కడ ఉంటుందో చెప్తాను. పీరియడ్స్‌కి వాడే ఇంకో సాధనం, మెన్‌స్ట్రువల్ కప్పు, యోని మధ్యలో గాలి పట్టుతో గోడలకి అతుక్కుని ఉంటుంది. డిస్క్‌కి ఆ పట్టు లేదు. వెనక అంచు సెర్విక్స్, అంటే గర్భాశయ ముఖద్వారం, దాటి వెనకున్న గుంటలో కూర్చుంటుంది. ముందు అంచు పొత్తికడుపు కింద ఉండే గట్టి ఎముక వెనక ఆగుతుంది. ఆ ఎముకని ప్యూబిక్ బోన్ అంటారు. వేలు లోపల పెట్టి పైవైపు నొక్కితే గట్టిగా తగులుతుంది. డిస్క్ మొత్తం ఈ రెండు చోట్ల ఆధారంతోనే నిలుస్తుంది. ఏ ఒక్క చోట జారినా కారుతుంది.

పెట్టుకున్న గంటలోపే కారితే అమరిక తప్పినట్టు. నా పుస్తకంలో మొదటి నెల రాతలన్నీ ఇవే. డిస్క్‌ని రెండు పక్కల నుంచి నొక్కితే కాగితం పడవలా సన్నగా, పొడుగ్గా అవుతుంది. దాన్ని పైకి కాదు, వెనక్కీ కిందికీ, నడుము చివర తోక ఎముక వైపుకి తోయాలి. నేను పైకి తోసేదాన్ని. అలా తోస్తే డిస్క్ సెర్విక్స్‌కి ముందే ఆగిపోతుంది. సెర్విక్స్ దాని వెనక బయటే ఉండిపోయి రక్తం అంచు పక్క నుంచి కిందికి వచ్చేస్తుంది. డిస్క్ ఖాళీగా ఉండి ప్యాంటీ తడిసిందంటే కారణం చాలాసార్లు ఇదే.

చూసుకోవడం కష్టం కాదు. పెట్టుకున్నాక, చేతులు శుభ్రంగా ఉండగానే, డిస్క్ అడుగున ఉండే పల్చటి పొర మీద వేలు నడపండి. ముక్కు కొసలా గట్టిగా, గుండ్రంగా ఒకటి ఆ పొర వెనక తగలాలి. అదే సెర్విక్స్. పొర అడ్డం లేకుండా నేరుగా వేలికి తగిలితే బయటికి తీసి మళ్లీ పెట్టుకోవాలి. కొందరికి సెర్విక్స్ బాగా వెనక్కి తిరిగి ఉంటుంది. వాళ్లు తోక ఎముక వైపు ఇంకొంచెం లోతుగా తోయాలి.

తర్వాత ముందు అంచు. మా చెల్లి నాకు చెప్పిన మాట ఇది: "నువ్వు లోపల పెడుతున్నావు గానీ దోపట్లేదక్కా." మా అమ్మమ్మ పూరింటి చూరులో కొడవలి దోపేది. సరిగ్గా అలాగే, వేలి కొసతో ముందు అంచుని పైకి ఎత్తి ఎముక వెనక్కి దోపాలి. దోపాక ఒకసారి దగ్గండి, గొంతుక్కూర్చుని లేవండి. మళ్లీ వేలితో చూస్తే అంచు అక్కడే ఉండాలి. కిందికి దిగిపోయిందంటే సరిగ్గా దోపలేదు, లేదా సైజు సరిపోలేదు.

పెట్టుకున్న పావుగంటలో రెండు మూడు చుక్కలు కనపడితే కంగారు పడకండి. పెట్టేటప్పుడు యోని గోడలకి అంటుకున్న రక్తం అది. ఆగిపోతే డిస్క్ బాగానే ఉంది. ఆగకపోతేనే మళ్లీ చూసుకోవాలి.

ఇక నా ఆగస్టు 15 సంగతి. టాయిలెట్‌లో ముక్కినప్పుడు పొట్ట ఒత్తిడికి కటి కండరాలు, అంటే యోనికి కింద ఆసరాగా ఉండే కండరాలు, కిందికి దిగుతాయి. డిస్క్ ముందు అంచు ఎముక వెనక నుంచి కిందికి జారి, లోపలున్నది కొంత టాయిలెట్‌లోనే ఒలికిపోతుంది. కొందరికి ఇదే సౌకర్యం, తీయకుండానే ఖాళీ అవుతుంది. తర్వాత అంచు తనంతట తాను వెనక్కి వెళ్తే సమస్య లేదు. కొందరికి వెళ్లదు. మన స్కూళ్లలో, బస్టాండుల్లో ఉండేవి ఎక్కువగా గొంతుక్కూర్చునే టాయిలెట్లు. ఆ భంగిమలోనూ అంచు జారొచ్చు. ఆ రోజు నేను ఒలికించుకుని, అంచుని దోపకుండా లేచి వచ్చేశాను. లైన్లో నిలబడేసరికి మిగిలింది కారింది.

కాబట్టి ప్రతిసారి టాయిలెట్ నుంచి లేచి వచ్చే ముందు, మూత్రం అయ్యాక అయిదారు సెకన్లు ఆగండి. కారేది కారిపోనివ్వండి. చేయి కడుక్కుని ఒక్క వేలితో అంచుని పైకి దోపండి. పది సెకన్ల పని. నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఇందుకోసమే పేపర్ సోప్, అర లీటరు నీళ్ల సీసా ఉంటాయి. చాలాచోట్ల సబ్బు ఉండదు, చేయి కడక్కుండా లోపల వేలు పెట్టకూడదు. గోళ్లు కూడా పొట్టిగా ఉంచుకోండి. ఇంకోటి, మూత్రానికి ముక్కాల్సిన పని లేదు. వదులుగా కూర్చుంటే దానంతట అదే వస్తుంది. నాకు ఈ అలవాటు మారడానికి రెండు నెలలు పట్టింది.

మలబద్ధకం ఉంటే ఆ నెల లీకులు పెరుగుతాయి. యోని వెనక గోడకి ఆనుకునే మలాశయం ఉంటుంది. అది నిండి ఉంటే డిస్క్‌ని ముందుకీ పక్కకీ తోసేస్తుంది. నా పుస్తకంలో మూడో నెలలో వరసగా మూడు మరకలు ఉన్నాయి, ఆ మూడు రోజులూ నాకు విరేచనం కాలేదు. పీరియడ్స్‌కి రెండు రోజుల ముందు నుంచే నీళ్లు, ఆకుకూరలు, జామకాయలు ఎక్కువ తీసుకోండి. విరేచనం అయ్యాక అంచుని చూసుకోవడం మర్చిపోకండి.

దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా కారుతుంటే కటి కండరాలు బలహీనంగా ఉన్నాయేమో చూడాలి. నాకు ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ డెలివరీలే. మెత్తటి అంచు ఉన్న డిస్క్ నాకు నిలవలేదు. అంచు కాస్త గట్టిగా ఉన్నది తీసుకున్నాక చాలావరకు తగ్గింది. మూత్రం ఆపుకున్నట్టు కండరాల్ని బిగించి వదిలే వ్యాయామం రోజూ చేస్తున్నాను. ఏదో కిందికి జారుతున్నట్టు, బరువుగా ఉన్నట్టు అనిపిస్తే మాత్రం డిస్కులు మార్చుకుంటూ కూర్చోకండి. డాక్టర్‌కి చూపించండి. పెల్విక్ ఫిజియోథెరపిస్టులు (కటి కండరాల వ్యాయామాలు చేయించేవాళ్లు) ఉన్న చోట వాళ్లు బాగా నేర్పిస్తారు.

సైజు గురించి. డిస్కులు సాధారణంగా 60 నుంచి 75 మిల్లీమీటర్ల వెడల్పులో వస్తాయి. కప్పుల్లాగా వయసుని బట్టి, కాన్పుల్ని బట్టి కాదు, సెర్విక్స్ ఎంత దూరంలో ఉందో దాన్ని బట్టి ఎంచుకోవాలి. పీరియడ్స్ రెండో రోజున, మూడో రోజున వేలితో చూడండి. రోజుని బట్టి అది కిందికీ పైకీ మారుతుంది. మొదటి కణుపు దగ్గరే తగిలితే కిందికి ఉన్నట్టు, చిన్న డిస్క్ చాలు. వేలు మొత్తం వెళ్లినా అందీ అందనట్టు ఉంటే పెద్దది కావాలి. చిన్నదైతే ఎముక దాకా అందక జారుతుంది. పెద్దదైతే ముందు అంచు ఎముక వెనక ఇమడదు, మూత్రనాళాన్ని నొక్కుతుంది. మాటిమాటికీ మూత్రం వస్తున్నట్టు ఉన్నా, ధార సన్నగా వస్తున్నా డిస్క్ పెద్దదై ఉండొచ్చు.

రాత్రి కారితే పడుకునే ముందు ఖాళీ చేశారా లేదా చూసుకోండి. నేను తొమ్మిదిన్నరకి తీసి, కడిగి, పెట్టుకుంటాను. ఎక్కువ డిస్కుల మీద 12 గంటలు దాటకూడదని రాసి ఉంటుంది. అంతకన్నా తక్కువ ఉంటే ఆ టైమే పాటించండి.

తీసేటప్పుడు ఒలికిపోవడం గురించి చాలామంది నన్ను అడుగుతారు. దీనికి మన బాత్రూమే మంచిది. స్నానానికి ముందు, గొంతుక్కూర్చుని, వేలితో ముందు అంచుని ఎముక వెనక నుంచి దించి, పట్టుకుని, నేలకి సమాంతరంగా నెమ్మదిగా ముందుకి లాగండి. నిండు గిన్నెని వంచకుండా జరుపుతాం కదా, అలాగ. ఒలికినా పక్కనే బకెట్టు, మగ్గు ఉన్నాయి. డిస్క్ లోపలే తప్పిపోతుందన్న భయం వద్దు, అటుపక్క దారి మూసే ఉంటుంది. అందకపోతే ఊపిరి వదిలి కొంచెం ముక్కండి, కిందికి వస్తుంది.

మళ్లీ వాడే సిలికోన్ డిస్క్‌ని నెలకోసారి, పీరియడ్స్ మొదలయ్యే ముందు, విడిగా ఒక స్టీలు గిన్నెలో 5 నిమిషాలు మరగబెడతాను. పెట్టేటప్పుడు జారడానికి నీళ్లు చాలు, లేదా నీటితో చేసిన జెల్. కొబ్బరినూనె రాయకండి. కాపర్-టీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా డిస్క్ వాడొద్దు, తీసేటప్పుడు దాని దారం వేలికి చిక్కుకోవచ్చు. డిస్క్ లోపల ఉండగా ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, కళ్లు తిరగడం, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు వస్తే వెంటనే తీసేసి ఆసుపత్రికి వెళ్లండి. అవి టాక్సిక్ షాక్, అంటే బ్యాక్టీరియా విషం ఒంట్లోకి పాకడం, లక్షణాలు కావచ్చు. అది చాలా అరుదు, కానీ దానికి ఆలస్యం పనికిరాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి నెల ఇంట్లో ఉండే రోజునే వాడి చూడండి. తోడుగా ఒక గుడ్డ ప్యాడ్ పెట్టుకోండి. నేను ఇప్పటికీ రెండో రోజు పెట్టుకుంటాను.

ఇక చివరి రకం: అమరిక బాగుంది, దోపుడు బాగుంది, అయినా మూడు గంటలకే నిండి కారుతోంది. 2023లో అమెరికాలోని ఓరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీ వాళ్లు రకరకాల ప్యాడ్లు, కప్పులు, డిస్కుల్లో రక్తమే పోసి కొలిచి చూశారు. అన్నిటికన్నా డిస్కులే ఎక్కువ పట్టాయి, సగటున 61 మి.లీ. అంతది మూడు గంటల్లో నిండితే తప్పు డిస్క్‌ది కాదు. ఒక నెల మొత్తంలో 80 మి.లీ. రక్తం దాటితే ఎక్కువ స్రావం అంటారు. డిస్క్‌లో పడేదంతా రక్తం కాదు, దాదాపు సగం ఇతర ద్రవాలు ఉంటాయి. ఆ లెక్కన చూసినా నాకు ఎక్కువే.

పోయినేడాది మూడు నెలలు అలా అయింది. ఖాళీ చేసేముందు పాత సిరప్ సీసా కొలత మూతతో కొలిచి రాసుకున్నాను. ఇదివరకు డాక్టర్ ఎంత పోతోందమ్మా అంటే "ఎక్కువేనండీ" అనడం తప్ప నాకు తెలిసేది కాదు. ఈసారి పుస్తకం చూపించాను. ఆవిడ పేజీలన్నీ తిప్పి చూసి ఆ రోజే స్కాన్, రక్త పరీక్ష రాశారు. గర్భాశయంలో ఫైబ్రాయిడ్ గడ్డ బయటపడింది, హిమోగ్లోబిన్ 8.6 మాత్రమే ఉంది. మందులు మొదలుపెట్టాక ఇప్పుడు డిస్క్ ఎనిమిది గంటలు ఆగుతోంది.

డిస్క్ గంటా రెండు గంటలకే నిండుతున్నా, రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు పడుతున్నా, ఏడు రోజులు దాటినా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు టైములు రాసుకున్న ఆ పుస్తకం సంచిలో వేసుకోండి.