ఏఎస్/400లో ఫైలు ఫీల్డుల, కీల వివరాలు రాబట్టే విధానం

ఏఎస్/400 మీద, అంటే ఇప్పుడు ఐబీఎం ఐ అని పిలుస్తున్న ఐబీఎం కంప్యూటరు వ్యవస్థ మీద, పని చేసే ప్రోగ్రామర్‌కు ఏదో ఒక రోజు ఈ అవసరం ఎదురవుతుంది. చేతిలో ఫైలు పేరు ఒక్కటే ఉంటుంది. అందులో ఏ ఫీల్డులున్నాయో, వాటిలో వేటి మీద కీ (రికార్డులను వరుసలో పెట్టి వెతకడానికి వాడే ఫీల్డులు) కట్టారో ప్రోగ్రామే కనుక్కోవాలి. వెంటనే డీడీఎస్ సోర్సు, అంటే ఫైలు నిర్మాణాన్ని రాసిపెట్టిన మూల పాఠం, తెరవాలనిపిస్తుంది గానీ, సోర్సును నమ్ముకోవడం మంచిది కాదు. ఎవరో దాన్ని మార్చి కంపైల్ చేయకుండా వదిలేసి ఉండవచ్చు; ఫైలును ఎస్‌క్యూఎల్‌తో సృష్టించి ఉంటే డీడీఎస్ సోర్సే ఉండదు. ఫైలు ఆబ్జెక్టు తన వర్ణనను తనలోనే ఉంచుకుంటుంది కాబట్టి దాన్నే అడగాలి.

అయితే రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. ఫీల్డుల వివరం రికార్డు ఫార్మాట్‌లో (ఒక రికార్డులోని ఫీల్డుల అమరికలో) ఉంటుంది, కీ వివరం యాక్సెస్ పాత్‌లో (రికార్డులను ఏ వరుసలో చదవాలో చెప్పే దారిలో) ఉంటుంది. డేటాను దాచే ఒకే ఫిజికల్ ఫైలు మీద, ఆ డేటానే వేరే వరుసలో చూపే పది లాజికల్ ఫైళ్లు కట్టినప్పుడు అవన్నీ ఒకే ఫార్మాట్‌ను పంచుకుంటూనే పది వేర్వేరు కీలతో ఉండగలవు.

అన్నిటికన్నా సులువైన దారి కమాండ్లది. డీఎస్‌పీఎఫ్‌ఎఫ్‌డీ కమాండుకు ఫైలు పేరిచ్చి, అవుట్‌పుట్‌ను క్యూటెంప్ అనే తాత్కాలిక లైబ్రరీలోని ఒక అవుట్‌ఫైలుకు (ఫలితాన్ని రాసుకునే ఫైలుకు) మళ్లిస్తే ఒక్కో ఫీల్డుకు ఒక్కో రికార్డు వస్తుంది. అందులో డబ్ల్యూహెచ్‌ఎఫ్‌ఎల్‌డీఈ ఫీల్డు పేరును, డబ్ల్యూహెచ్‌ఎఫ్‌ఎల్‌డీటీ రకాన్ని, డబ్ల్యూహెచ్‌ఎఫ్‌ఎల్‌డీబీ బైట్లలో పొడవును, డబ్ల్యూహెచ్‌ఎఫ్‌ఎల్‌డీడీ అంకెల సంఖ్యను, డబ్ల్యూహెచ్‌ఎఫ్‌ఎల్‌డీపీ దశాంశ స్థానాలను తెలుపుతాయి. బైట్ల పొడవునూ అంకెల సంఖ్యనూ కలగాపులగం చేయకూడదు: 7 అంకెల ప్యాక్డ్ ఫీల్డు (ఒక్కో బైటులో రెండేసి అంకెలు కుదించి దాచేది) 4 బైట్లలోనే ఇముడుతుంది.

కీల కోసం డీఎస్‌పీఎఫ్‌డీ కమాండును, టైప్ పారామీటరులో యాక్సెస్ పాత్‌ను ఎంచుకొని, ఇలాగే మరో అవుట్‌ఫైలుకు నడపాలి. ఏపీకేఈవైఎఫ్‌లో కీ ఫీల్డు పేరు, ఏపీకేఈవైఎన్‌లో కీలో దాని వరుస సంఖ్య, ఏపీకేఎస్‌ఈక్యూలో ఆరోహణానికి ఏ, అవరోహణానికి డీ, ఏపీయూఎన్‌ఐక్యూలో కీ యూనిక్ అవునో కాదో వస్తాయి. అవరోహణ సూచికను చాలామంది పట్టించుకోరు. తేదీ మీద అవరోహణ కీ ఉన్న ఫైలును ఆరోహణమనుకొని చదివితే ఫలితం తారుమారవుతుంది. కీ లేని ఫైళ్లు కూడా ఉంటాయి కాబట్టి కీ ఫీల్డుల సంఖ్య సున్నా అయ్యే సందర్భాన్ని ప్రోగ్రాములో ముందే చూసుకోవాలి.

అవుట్‌ఫైళ్ల బెడద లేకుండా ఆర్‌పీజీ (ఈ వ్యవస్థలో వాడే ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రాము నుంచే అడగాలంటే ఏపీఐలు, అంటే ప్రోగ్రాము నుంచి పిలవగల వ్యవస్థ ప్రోగ్రాములు, వాడాలి. క్యూయూఎస్‌ఎల్‌ఎఫ్‌ఎల్‌డీ అనే ఏపీఐ ఫీల్డుల జాబితాను ఎఫ్‌ఎల్‌డీఎల్0100 ఫార్మాట్‌లో (జాబితా అమరికకు అది పేరు) యూజర్ స్పేస్‌లోకి, అంటే ప్రోగ్రాము డేటా దాచుకునే ఆబ్జెక్టులోకి, రాస్తుంది. ఆ స్పేస్‌ను ముందుగా క్యూయూఎస్‌సీఆర్‌టీయూఎస్‌తో సృష్టించి, తరవాత క్యూయూఎస్‌పీటీఆర్‌యూఎస్‌తో దాని పాయింటరు తెచ్చుకోవాలి. ఆ స్పేస్ మొదట్లో ఉండే హెడరులో ఆఫ్‌సెట్ (మొదటి నుంచి బైట్ల దూరం) 124 దగ్గర జాబితా మొదలయ్యే చోటు, 132 దగ్గర ఎంట్రీల సంఖ్య, 136 దగ్గర ఒక్కో ఎంట్రీ పరిమాణం ఉంటాయి. ఆఫ్‌సెట్లు సున్నా నుంచి లెక్కిస్తారు గనుక ఆర్‌పీజీ స్థానానికి 1 కలపాలి. ఒక్కో ఎంట్రీ పరిమాణాన్ని మనమే అంకె రూపంలో రాసుకోకుండా హెడరు చెప్పినంతే ముందుకు జరగాలని నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే తరవాతి విడుదలల్లో ఎంట్రీ పెరిగినా అప్పుడు ప్రోగ్రాము చెడదు. ఆఫ్‌సెట్ 103లోని స్థితి అక్షరం సీ అయితే జాబితా పూర్తిగా వచ్చినట్టు. పీ అయితే కొంతే వచ్చింది, ఐ అయితే అసంపూర్ణం.

ఈ ఏపీఐ కీల గురించి ఏమీ చెప్పదు. కీలకు క్యూడీబీఆర్‌టీవీఎఫ్‌డీని ఎఫ్‌ఐఎల్‌డీ0300 ఫార్మాట్‌తో పిలవాలి. దీని సమాధానం ఎంత పొడవుంటుందో ముందుగా తెలియదు కనుక మొదట 8 బైట్ల రిసీవర్‌తో (సమాధానం అందుకునే వేరియబుల్‌తో) పిలిచి, అందుబాటులో ఉన్న బైట్ల సంఖ్య చదివి, అంత మెమరీ తీసుకొని రెండోసారి పిలవడం సరైన పద్ధతి. ఒక లాజికల్ ఫైలులో పలు రికార్డు ఫార్మాట్లుంటే ఒక్కోదాని కీ వేరుగా ఉండవచ్చు గనుక రికార్డు ఫార్మాట్ పేరు స్పష్టంగా ఇవ్వాలి.

ఎస్‌క్యూఎల్ అలవాటున్నవారికి క్యూఎస్‌వైఎస్2లోని సిస్‌కాలమ్స్ వ్యూ చక్కగా పనికొస్తుంది, కానీ క్యూటెంప్‌లోని ఫైళ్లు అందులో కనబడవు. అక్కడే ఉన్న సిస్‌కీస్ వ్యూతో మరింత జాగ్రత్త అవసరం: అది ఎస్‌క్యూఎల్ ఇండెక్సుల కీలను చూపుతుంది తప్ప డీడీఎస్‌తో కట్టిన లాజికల్ ఫైళ్ల కీలను చూపదు. ఏళ్ల తరబడి డీడీఎస్ మీద నడుస్తున్న సంస్థలో సిస్‌కీస్ ఖాళీగా వచ్చినంత మాత్రాన కీ లేదనుకోకుండా డీఎస్‌పీఎఫ్‌డీతో సరిచూసుకోవాలి.