నీళ్లున్నా కూలబడుతున్నారా? వసంతకాలపు బృంద ట్రెక్‌లలో వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

శివరాత్రి నుంచి ఉగాదికి సుమారు ఒక నెల. మోదుగలు ఎర్రబడి, ఆకు లేని కొమ్మల మీద కొండగోగు పసుపుపచ్చగా విచ్చుకునే ఈ నెలలోనే తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల అందరికీ కొండ మీదికి మనసు పోతుంది. బృందాలను తీసుకెళ్లేవారి నుంచి నాకు ఎక్కువ ఫోన్లు వచ్చేదీ ఈ నెలలోనే. ఫోను చేసినవారిని నేను మొదట అడిగేది ఒక్కటే: "ఆ దారిలో మీరు చివరిసారి ఎప్పుడు నడిచారు?" డిసెంబరులో అని కొందరు, పోయిన ఏడాది అని కొందరు చెబుతారు. ఎన్నేళ్లుగా అడుగుతున్నా ఇవే జవాబులు.

బూట్లు, టోపీ, విజిల్, ప్రథమ చికిత్స పెట్టె, పదిమందికి ఒక గైడు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ప్రతి సమస్యనూ పైకి కనబడే లక్షణం దగ్గర మొదలుపెడదాం.

చెక్‌పోస్టు దగ్గరే వెనక్కి పంపేశారు

అనుమతి అడగకపోయి ఉండాలి, లేదా నెల కిందట అడిగి ఊరుకుని ఉండాలి. శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్ల మేర శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం ఉంది. పైగా ఇది ఎర్రచందనం పెరిగే అడవి. అనుమతి లేకుండా లోపల తిరిగేవారిని సిబ్బంది అనుమానంగా చూడటం సహజం. ఈ నెలలు కార్చిచ్చు కాలం కూడా. 2014 మార్చిలో తిరుమల అడవిలో రేగిన మంటలను ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. అలాంటి భయం ఉన్న వారంలో, నిన్నటిదాకా తెరిచి ఉన్న దారిని కూడా మూసేస్తారు.

ఇక్కడ ఎక్కువమంది తిరుమల అడవి లోపలి తుంబురు తీర్థం విషయంలో పొరబడతారు. ఫాల్గుణ పౌర్ణమికి జరిగే తీర్థ ముక్కోటి ఉత్సవం నాడు పాపవినాశనం వైపు నుంచి వేలమంది నడిచి వెళతారు. ఆ ఒక్క సందర్భానికి దారి పొడవునా ప్రత్యేకంగా ఏర్పాట్లు చేస్తారు. జనం నడిచిన ఫోటోలు చూసి, మరుసటి ఆదివారం తామూ వెళ్లవచ్చనుకుంటే తప్పు.

రాతపూర్వక అనుమతి తీసుకోండి. బయలుదేరే ముందు రోజు సాయంత్రం అటవీ శాఖ రేంజి కార్యాలయానికి మరోసారి ఫోను చేయండి. రెండు నిమిషాల పని.

నీళ్లు పుష్కలంగా ఉన్నాయి, అయినా తిరుగుదారిలో మనుషులు కూలబడుతున్నారు

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఒకసారి కాదు, వరుసగా రెండేళ్లు.

పుత్తూరు వైపు ఒక కోన. ముందు గుట్ట ఎక్కాలి, అవతల కోనలోకి దిగి గుండం దగ్గర భోజనం చేయాలి, మళ్లీ అదే గుట్ట ఎక్కి రావాలి. డిసెంబరు చివరి వారంలో వెళ్లి దారి చూసి వచ్చాను. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే ఆగాయి. వాగు పారుతోంది, దారంతా చల్లగా ఉంది. తిరుగు ఎక్కుడుకు గంటంపావు పట్టింది. మార్చి మూడో వారంలో పదహారు మందిని తీసుకెళ్లాను. తలకు మూడు లీటర్ల నీళ్లు. పన్నెండింటికి గుండం దగ్గర లేచాం. సగం ఎక్కేసరికి ఒకాయనకు పిక్కలు పట్టేశాయి, మరో ఇద్దరికి వాంతులు. ఒక అమ్మాయి కూర్చున్న చోటి నుంచి లేవనంది. గుట్ట దాటడానికి నాలుగు గంటలు పట్టింది. అప్పటికీ సంచుల్లో నీళ్లు మిగిలే ఉన్నాయి.

నీళ్లు చాలలేదని, వచ్చినవారికి నడక అలవాటు లేదని నాకు నేనే చెప్పుకున్నాను. మరుసటి ఏడాది తలకు నాలుగు లీటర్లు మోయించి, అలవాటున్నవారినే ఏరి తీసుకెళ్లాను. మళ్లీ అదే జరిగింది. సంచి బరువు పెరిగింది కనుక ఇంకాస్త ఎక్కువే జరిగింది.

మూడో ఏడాది మార్చిలో ఒక్కడినే వెళ్లాను. డిసెంబరులో తీసిన ఫోటోను ఫోనులో తెరిచి, అదే మలుపులో, అదే బండ మీద మధ్యాహ్నం ఒంటిగంటకు నిలబడ్డాను. ఫోటోలో బాట మీద పచ్చని పందిరి ఉంది. నా కళ్ల ముందు కొమ్మలు మాత్రమే ఉన్నాయి. చెట్లన్నీ ఉన్నాయి, నీడ లేదు.

మన కొండవాలుల్లో ఎక్కువ భాగం ఆకురాల్చే అడవి. ఎర్రచందనం, చిరుమాను, కొండగోగు, మోదుగ ఎండలు ముదిరే వేళకు ఆకు దులిపేస్తాయి. ఎర్రచందనం మళ్లీ నిండుగా చిగిర్చేసరికి ఏప్రిల్ వస్తుంది. మనకు నీడ ఎక్కువ అవసరమయ్యే వారాల్లోనే అది ఉండదు.

ఆకు ఒక్కటే అయితే త్వరగానే గుర్తుపట్టేవాడిని. దానితో పాటు సూర్యుడి దారి కూడా మారుతుంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు తిరుపతిలో దక్షిణంగా, సుమారు 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అందుకే కోనకు దక్షిణాన ఉన్న నిలువు రాతిగోడ నీడ మధ్యాహ్నం కూడా బాట మీద పడుతుంది. మార్చి 21 నాటికి ఆ ఎత్తు 76 డిగ్రీలకు చేరుతుంది, ఏప్రిల్ చివరికి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అంటే ఆకు నీడతో పాటు గోడ నీడ కూడా పోతుంది. మిగిలేది పొద్దుటి నుంచి కాగుతున్న క్వార్ట్‌జైట్ అనే గట్టి రాతి బండ. పై నుంచి ఎండ, కింది నుంచి సెగ, వీపున సంచి, ఎదురుగా నిలువు ఎక్కుడు. తాగిన నీళ్లు చెమటగా పోతూనే ఉంటాయి, దానితో ఉప్పు కూడా పోతుంది. ఒళ్లు చల్లబడే దారి లేనప్పుడు సీసాలో ఎన్ని నీళ్లుంటే ఏం లాభం?

ముందుగా దారి చూసి వచ్చామనేవారు కూడా ఇక్కడే మోసపోతారు, ఎందుకంటే వారు దారిని పొద్దున్నే చూస్తారు. తొమ్మిదింటికి పడమటి వాలులో ఎండ ఇంకా పడి ఉండదు. బృందం అదే వాలును ఒంటిగంటకు ఎక్కుతుంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. ట్రెక్ తేదీకి పది రోజుల లోపే దారి చూస్తాను. బృందం ఏ చోటుకు ఏ వేళకు చేరుతుందో, నేనూ ఆ చోట ఆ వేళకే ఉంటాను. పది నిమిషాలకోసారి చిన్న పుస్తకంలో ఒక్క మాట రాస్తాను: నీడ, లేదా ఎండ. పదకొండుకీ మూడుకీ మధ్య వరుసగా రెండుసార్లు "ఎండ" వస్తే ఆ భాగానికి వేళ మార్చాల్సిందే. నీళ్లు పెంచి సరిపెట్టను.

ఏ వేళకు మార్చాలో వాలు చెబుతుంది. తిరుగు ఎక్కుడు పడమటి వాలు మీద ఉంటే, వెలుగు రాగానే బయలుదేరి పదిన్నరకల్లా గుట్ట దాటేయాలి. గుండం దగ్గర అరగంటే, భోజనం ఇవతలికి వచ్చాకే. తూర్పు వాలు మీద ఉంటే, వాగు పక్కన మద్ది, నేరేడు చెట్ల కింద మూడున్నర దాకా ఆగి, గుట్ట నీడ వాలు మీద పడ్డాక ఎక్కవచ్చు. మార్చి చివర పొద్దుగూకేది ఆరుంబావు దాటాకే. కానీ బయటికి రావలసిన వేళ అనుమతి పత్రంలో ఏముందో చూసి లెక్క వేసుకోండి. రెండూ కుదరకపోతే ఆ దారిని డిసెంబరుకు వదిలేయండి. వసంతంలో వాగు ఒడ్డున సాగే దారులే మేలు. తలకోన లోయలో, పెనవేసుకున్న గిల్లతీగల కింద, మార్చిలోనూ నీడ దొరుకుతుంది. దిగువ ప్రవాహం సన్నబడవచ్చు, నడక మాత్రం హాయిగా సాగుతుంది.

దూరం నుంచే తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. వాలు మీద కొండగోగు విరగబూసి కనిపిస్తే అక్కడ మధ్యాహ్నం నీడ దొరకదు. అందరూ చూడాలని వచ్చేది ఆ పూలనే కాబట్టి, వాటిని పొద్దున్నే చూపించండి.

అప్పటికే ఒకరు కూలబడి ఉంటే, నీడ లేకపోయినా దుప్పటి పట్టి నీడ చేయండి. పడుకోబెట్టి, తడిగుడ్డతో తుడిచి, విసురుతూ, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా పట్టించండి. మాట తడబడినా, అయోమయంగా చూసినా అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఏమీ పోయవద్దు. ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోస్తూ చల్లబరచండి, ఆలోపు ఇంకొకరు 108కి ఫోను చేయాలి. సిగ్నల్ ఎక్కడ అందుతుందో దారి చూసిన రోజే పుస్తకంలో రాసుకుని ఉండాలి.

వెనకవారు రానురాను వెనకబడుతున్నారు

అందరూ వెనకవారి ఓపికను తప్పుపడతారు, కానీ తప్పు ముందున్న గైడుది. అతను ఆగి పది నిమిషాలు కూర్చుంటాడు. చివరివారు రొప్పుతూ చేరగానే "అందరూ వచ్చేశారు, పదండి" అని లేస్తాడు. బలంగా ఉన్నవారికి పది నిమిషాల విశ్రాంతి దొరికింది, అది నిజంగా కావలసినవారికి ఒక్క నిమిషం కూడా దొరకలేదు. రోజంతా ఇలా సాగితే వారు కూలబడక ఏం చేస్తారు?

చివరి మనిషి కూర్చున్నప్పటి నుంచి విశ్రాంతి లెక్క మొదలవ్వాలి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని గైడు వెనకే, రెండో స్థానంలో పెట్టండి. నడక దానంతటదే సర్దుకుంటుంది. చివర దారి తెలిసిన మనిషి ఒకరు ఉండాలి, ఆయనను దాటి ఎవరూ వెనక మిగలకూడదు. బాట చీలిన ప్రతిచోటా ఆయన వచ్చేదాకా ఆగండి.

బాట కనబడటం లేదు, దిగుడులో కాళ్లు జారుతున్నాయి

రెండింటికీ కారణం రాలిన ఆకే. డిసెంబరులో స్పష్టంగా ఉన్న కాలిబాట మార్చిలో ఆకుల కింద ఉంటుంది, ఆకుల కింద గులకరాళ్లు ఉంటాయి. స్థానిక గైడు లేకుండా వెళ్లవద్దు. దిగేటప్పుడు చేతికర్రతో ఆకును కదిపి అడుగు వేయమనండి. దారి గుర్తు కోసం చెట్లకు రంగు పూయడం, నరకడం చేయకండి.

తేనెటీగలు లేచాయి

తేనెపట్టు ఉన్న గోడ కింద ఎవరో అరిచి ఉంటారు, సెంటు పూసుకుని ఉంటారు, లేదా పొగ పెట్టి ఉంటారు. అగ్గిపెట్టెలు, సిగరెట్లు బస్సు దగ్గరే తీసుకోండి. పట్టు కనబడితే మాట్లాడకుండా దాటిపోవాలి. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని, చేతులు ఆడించకుండా దూరంగా పరుగెత్తాలి.

మిగతావి

పాములు, ఎలుగుబంట్లు, చిరుతల గురించి అందరూ అడుగుతారు. పగటిపూట గుంపుగా, మాట్లాడుకుంటూ నడిచేవారికి అవి ఎదురుకావడం అరుదు. కానీ పిల్లలను మాత్రం గుంపు మధ్యలోనే నడిపించండి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత బారిన పడి ఒక చిన్నారి చనిపోయింది, అది జనం నిత్యం నడిచే దారే.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవుల సంగతి వేరు, అక్కడ ఏనుగులు ఉన్నాయి. ఎండాకాలంలో అవి నీళ్ల కోసం తిరిగే చోట్లకే మనమూ వెళతాం. అటవీ సిబ్బంది వెంట రాకుండా అటు బృందాన్ని తీసుకెళ్లవద్దు. ఏనుగుల గుంపు దగ్గరలో ఉందని వారు చెబితే, బస్సు దిగకుండానే వెనక్కి తిప్పండి.